భరణమా, భాగమా?

బ్యాంకు ఖాతా తెరవగోరే వ్యక్తి కెమెరా ఎదుట ఒకసారి కనురెప్ప వేసి చూపాలన్నది ఇటీవలి సంవత్సరాలలో తరచుగా ఎదురయ్యే నిబంధన. తెర మీద కనిపించేది ఛాయాచిత్రం కాదు, ప్రాణమున్న మనిషేనని యంత్రం రూఢి చేసుకునే పద్ధతి అది. యాసిడ్ దాడికి గురై ముఖమూ కన్నులూ దెబ్బతిన్నవారిలో రెప్ప వేయలేని వారున్నారు. చూపు లేనివారికి తమ ముఖం చట్రంలో సరిగా ఇమిడిందో లేదో తెలుసుకోవడమే కష్టం. ఈ రెండు విధాల ఇబ్బందులపై వేర్వేరుగా దాఖలైన వ్యాజ్యాలను కలిపి విచారించిన సర్వోన్నత న్యాయస్థానం 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. అంతర్జాలం ద్వారా అందే సేవలను పొందగలగడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో అంతర్భాగమని ప్రకటించి, 20 ఆదేశాలు జారీ చేసింది. రెప్పపాటుకు బదులుగా వేరే నిదర్శనాలకు కూడా వీలు కల్పించాలన్నది వాటిలో ఒకటి.

రెప్పపాటును మనిషికి ఆనవాలుగా ఎంచడం మాత్రం కొత్త సంగతి కాదు. నలోపాఖ్యానంలో దమయంతి స్వయంవర మండపంలో ఒకే రూపంతో ఉన్న ఐదుగురు నలులను చూస్తుంది. నలుగురు దిక్పాలకులు, ఒక్కడు మానవుడు. దేవతలు అనిమిషులు, రెప్ప వేయరు. అయితే దమయంతి ఒక్క రెప్పపాటునే నమ్ముకొని మాల వేయలేదు. దేహానికి పట్టిన చెమట, అంటిన ధూళి, వాడిన పూలదండ, నేల మీద ఆనిన పాదం, వెంట ఉన్న నీడ, ఇన్ని గుర్తులను కలిపి చూసి నలుని గుర్తించింది. నేటి యంత్రాన్ని రూపొందించినవారు అన్ని గుర్తులలోనూ ఒక్కదానినే ఉంచారు. ఆ ఒక్కటి లేనివారు దేవతలూ కాలేదు, మనుషులుగా లెక్కకూ రాలేదు.

ఇటువంటిదే క్యాప్చా. వంకరటింకర అక్షరాలను చదివి, తాను యంత్రం కాదు మనిషినని నిరూపించుకొమ్మని అది అడుగుతుంది. మనిషితనానికి చూపే ప్రమాణమన్న భావం అందులో దాగి ఉంది. ఆ భావం ఎవరూ ఆలోచించి పెట్టినది కాదు, ఆలోచించకపోవడం వల్ల ప్రవేశించినది. ప్రపంచవ్యాప్తంగా అంతర్జాల ప్రమాణాలను నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఈ దోషాన్ని 2005లోనే ఎత్తిచూపింది. అష్టావక్రుని కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. సభలోని వారు అతని వంకరలు చూసి నవ్వారన్నది లోకంలో ప్రచారంలో ఉన్న కథ. భారతంలోని వనపర్వ కథలో మాత్రం ద్వారపాలకుడు అతనిని అడ్డగించింది బాలుడన్న కారణంతో. ఏమైనా ఆ ద్వారపాలకుడు వాదన విన్నాడు. విని లోపలికి దారి ఇచ్చాడు. వాదన వినని ద్వారపాలకులను నియమించుకొన్న ఘనత ఈ కాలానికి దక్కింది.

ఇందులో తప్పు ఎవరిది? ఎవరినీ వెలివేయాలని ఎవరూ సంకల్పించలేదు. సంకల్పం లేని చోట అధర్మం ఉంటుందా? ఉంటే దాని పరిహారం దయ రూపంలో ఉండాలా, హక్కు రూపంలో ఉండాలా? 2011 జనగణన ప్రకారం దేశంలో అంగవైకల్యం గలవారు 2.68 కోట్లు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 22 లక్షలకు పైమాటే. రేషన్ కార్డు, పరీక్ష దరఖాస్తు, రైలు టికెట్టు, న్యాయస్థానపు తీర్పు, కవిత్వం, వార్త, అన్నీ అంతర్జాలంలోకి తరలిన తరువాత ఈ ప్రశ్న తాత్త్విక గోష్ఠికి పరిమితమైనది కాదు. అయినా తాత్త్వికంగా తేల్చుకోనిదే పరిపాలనలో కూడా తేలదు. ఆ తేల్చుకోవలసిన అంశానికి భారతీయ ధర్మశాస్త్ర చరిత్రలోనే తగిన పదజాలం ఉంది.

దాయవిభాగ ప్రకరణంలో మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి రెండూ పుట్టుగుడ్డివారిని, వికలాంగులను, మతి చలించినవారిని ఆస్తిలో వాటా లేనివారిగా పేర్కొన్నాయి. వాటా లేదు గాని వారిని పోషించవలసిందేనని కూడా విధించాయి. వారు నిరంశులు, అయినా భర్తవ్యులు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్య దక్షిణాపథంలో శతాబ్దాల పాటు వ్యవహారానికి ఆధారమైంది. కేతన దానిని 13వ శతాబ్దిలోనే తెలుగులోకి తెచ్చాడు. న్యాయంగా చెప్పాలంటే శాస్త్రకారులు భరణాన్ని దయాదాక్షిణ్యాలకు వదలలేదు. కూడు గుడ్డ ఇవ్వనివాడు పతితుడవుతాడని మనువే హెచ్చరించాడు. కనుక భరణానికీ భాగానికీ మధ్య ఉన్న తేడాను దయకూ విధికీ మధ్య ఉన్న తేడాగా భావించడం పొరపాటు. రెండూ విధులే. తేడా అంతా పుచ్చుకునేవాని స్థానంలో ఉంది. భరణం పొందేవాడు ఇంట్లో ఉంటాడు, లెక్క అడగలేడు. ఏది వండాలో, ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేది ఇతరులు. భాగస్తుడు లెక్క అడుగుతాడు, పంపకం కోరుతాడు, తన వాటాను పాడు చేసుకొనే స్వేచ్ఛ కూడా అతనిదే.

ఈ అనర్హత పోవడానికి చాలాకాలం పట్టింది. 1928లో చేసిన చట్టం దానిని పుట్టుకతో మతిభ్రమణం, బుద్ధిమాంద్యం గలవారికి పరిమితం చేసింది. వ్యాధి గాని, లోపం గాని, వైకల్యం గాని ఎవరి వారసత్వానికీ అడ్డు కాదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ తేల్చివేసింది. పొలం పుట్ర విషయంలో 1956లో తీరిన తగవు, జ్ఞానం విషయంలో, సమాచారం విషయంలో మళ్లీ మొదలైందని చెప్పడం అతిశయోక్తి కాదు. అంతర్జాలం ఉమ్మడి ఆస్తి అయిన పక్షంలో, అందులో నిరంశులు ఎవరన్నది ప్రశ్న.

"ఎవరైనా చదివి వినిపిస్తారు కదా" అన్నది తరచుగా వినవచ్చే సమాధానం. అది నూటికి నూరుపాళ్లు భరణ వాక్యం. చదివిపెట్టే మనిషి ఇంట్లో ఉండవచ్చు, ప్రేమగానే చదవవచ్చు. కాని బ్యాంకు పంపిన రహస్య సంఖ్యను పక్కింటివారి చేత చదివించుకునే మనిషి తన డబ్బుకు తాను యజమాని అవునా? వైద్య పరీక్షల ఫలితం రోగి కంటే ముందు మేనల్లునికి తెలియడం సబబా? తండ్రి చేత చదివించుకోలేని నవలలు ఉంటాయి, తల్లి చేత చదివించుకోలేని ఉత్తరాలు ఉంటాయి. ఒంటరిగా చదువుకోవడం, నచ్చకపోతే మధ్యలో ఆపేయడం, నచ్చిన పేరాను పదిసార్లు తిరగేయడం, ఇవన్నీ చదువు అనే మాటలో భాగాలే. చదివిపెట్టేవారి ఓపికను బట్టి నడిచే పఠనంలో ఇవేవీ ఉండవు.

సాయం చేసేవారి రూపంలోనే సాయం ఉండడం మరొక చిక్కు. పారిస్‌లోని అంధ బాలుర పాఠశాలలో మొదట వాడిన పుస్తకాలలో చూపున్నవారి రోమన్ అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. వేలితో వాటిని తడిమి పోల్చుకోవడం ఎంతో శ్రమ. అయినా ఉపాధ్యాయుల కంటికి అవి అక్షరాలుగా కనిపించేవి. మూడేళ్ల వయసులో తండ్రి తోలుపని దుకాణంలో గాయపడి, ఆపై చూపు పోగొట్టుకొన్న లూయీ బ్రెయిల్ ఆ పాఠశాలలోనే చదివి, ఆరు చుక్కల లిపిని రూపొందించి 1829లో ప్రకటించాడు. అది వేలికి అనువైన లిపి, కంటికి అక్షరాలుగా కనిపించని లిపి. కొంతకాలం ఆ పాఠశాలలోనే దానిపై నిషేధం ఉండేది. విద్యార్థులు చాటుగా నేర్చుకొనేవారు. పాఠశాల దానిని అధికారికంగా స్వీకరించింది 1854లో, అంటే బ్రెయిల్ మరణించిన రెండేళ్లకు. మన దేశంలో 1951లో భారతి బ్రెయిల్‌ను ఏకరూప ప్రమాణంగా స్వీకరించారు. అందులో తెలుగు 'క' కు, హిందీ 'క' కు, బెంగాలీ 'క' కు ఉన్నది ఒకే చుక్కల కూర్పు. కంటికి వేరువేరుగా కనిపించే భారతీయ లిపులు వేలి కొసన ఒక్కటయ్యాయి. జాతీయ సమైక్యత గురించి ఉపన్యసించేవారు ఈ ఉదాహరణను ఎక్కువగా వాడకపోవడం విచిత్రం.

కంప్యూటర్ వచ్చిన తరువాత చదివిపెట్టే మనిషి స్థానంలో స్క్రీన్ రీడర్ వచ్చింది. తెర మీది పాఠాన్ని స్వరంగానో, చుక్కలుగానో అది మారుస్తుంది. నేడు ఉచితంగా లభించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆరంభించినవారు ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధులు. తెలుగును కూడా పలికించే స్వరయంత్రాలు దానితో కలిసి పనిచేస్తాయి. కనుక పరికరం లేదన్న సాకు చాలావరకు తీరిపోయింది. మిగిలింది పాఠం. తెలుగు విషయంలో అసలు కథ ఇక్కడే ఉంది.

తెలుగు లిపికి 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలోనే స్థానం దక్కింది. ఒక్కొక్క అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్య ఏర్పడింది. కాని తెలుగు అచ్చు పరిశ్రమ అంతకు ముందూ, ఆ తరువాత చాలా ఏళ్లూ వేరే మార్గంలో నడిచింది. డీటీపీ కేంద్రాలలో వాడే అను వంటి ఫాంట్లలో యంత్రం జ్ఞాపకంలో ఉండేది రోమన్ అక్షరాలు, గుర్తులు మాత్రమే. వాటి మీద తెలుగు అక్షరపు ముక్కల బొమ్మలు తొడిగినట్లు ఉంటుంది. తలకట్టు ఒక గుర్తు, కొమ్ము ఒక గుర్తు, ఒత్తు మరొక గుర్తు. కంటికి చక్కని తెలుగు, యంత్రానికి అర్థంపర్థం లేని రోమన్ గుర్తుల వరుస. స్క్రీన్ రీడర్ చదివేది ఈ రెండవదానినే. అంతర్జాలపు తొలి దశాబ్దంలో పత్రికలు సైతం తమతమ సొంత ఫాంట్లతోనే వెలువడ్డాయి. ఆ కాలపు రచనల్లో చాలా భాగం అక్షరాల వేషం వేసుకొన్న బొమ్మలే. అక్షరం అంటే ఆకారమా, ఆకారం వెనుక ఉన్న ధ్వని సంకేతమా అన్న ప్రశ్నకు వైయాకరణులు ఏనాడో జవాబు చెప్పారు. ఆ జవాబును ఫాంట్ల తయారీదారులు పట్టించుకోలేదు. అందుకు వారిని పూర్తిగా తప్పుపట్టడానికి కూడా వీలు లేదు. వారి ఎదుట ఉన్న పని కాగితం మీద అందంగా అచ్చు కావడమే.

ప్రభుత్వ కార్యాలయాల్లో మరొక ఆచారం ఉంది. ఉత్తర్వును కంప్యూటర్‌లోనే కూర్చుతారు. అప్పటికి అది సలక్షణమైన పాఠం. దానిని కాగితం మీద ముద్రిస్తారు. అధికారి సంతకం చేస్తారు. సంతకం పడిన కాగితాన్ని స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో ఉంచుతారు. అక్షరంగా పుట్టినది ఈ విధంగా చిత్రంగా మారి ప్రజలకు చేరుతుంది. అంధుడైన ఉద్యోగికి తన బదిలీ ఉత్తర్వు, తన పింఛను నిబంధన, తన సౌకర్యం కోసమే జారీ అయిన ఉత్తర్వు సైతం ఒక మూగ బొమ్మ. ఈ ఆచారానికి చట్టపరమైన అవసరం ఏదీ లేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చెల్లుబాటు కల్పించింది. వెబ్‌సైట్‌లలో ఉంచే పత్రాలు ఈపబ్ రూపంలో గాని, అక్షరాలను గుర్తించడానికి వీలైన పీడీఎఫ్ రూపంలో గాని ఉండాలని 2017 నాటి వికలాంగుల హక్కుల నియమాలు స్పష్టంగా నిర్దేశించాయి. అలవాటు మాత్రం చట్టం కంటే గట్టిది.

చట్టాల విషయం వచ్చింది గనుక ఒక మాట. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించిన తరువాత, దానికి అనుగుణంగా చేసిన 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించి, సమాచార సాంకేతిక రంగంలో అందుబాటును 42వ సెక్షన్‌లో ప్రత్యేకంగా పేర్కొంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లకు మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల తొలి ప్రతి 1999 నాటిది. చిత్రానికి మాటల్లో వివరణ ఉండాలి. మౌస్ పట్టలేనివారు కీబోర్డుతోనే అన్ని పనులూ చేయగలగాలి. అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య తగినంత తేడా, మామూలు అక్షరాలకైతే కనీసం 4.5:1 నిష్పత్తిలో, ఉండాలి. వినలేనివారికి దృశ్యాల కింద మాటలు కనిపించాలి. ఇవన్నీ అందులోని సూత్రాలే. లోపించింది సూత్రం కాదు, నిర్బంధం. అందుబాటు ప్రమాణాలు కేవలం సిఫారసులుగా ఉండే విధంగా నియమాలను రచించడం మూల చట్టానికే విరుద్ధమని సర్వోన్నత న్యాయస్థానం 2024 నవంబర్ 8న తీర్పు ఇచ్చి, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను సమర్పించినది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. సిఫారసు, నిర్బంధం అన్న ఈ రెండు మాటల మధ్య తేడా కూడా, ఒక కోణంలో చూస్తే, భరణానికీ భాగానికీ మధ్య ఉన్న తేడాయే.

ఆధునిక న్యాయతత్త్వం ఈ విషయంలో తడబడిందని ఒప్పుకోవాలి. జాన్ రాల్స్ 1971లో ప్రకటించిన న్యాయ సిద్ధాంతంలో సమాజ సభ్యులందరూ జీవితాంతం పూర్తిగా సహకరించగల సమర్థులని ముందుగా భావించి, వైకల్యం ప్రశ్నను తరువాతి దశకు వాయిదా వేశాడు. ఒప్పందం రాసేనాడు హాజరు కానివారికి ఒప్పందంలో ఎంత భాగం ఉంటుందన్నది ఆ వాయిదాలోనే తెలుస్తుంది. మార్తా నుస్‌బామ్ 2006లో వెలువరించిన గ్రంథంలో ఈ లోపాన్నే ప్రధానంగా విమర్శించింది. అంతకు ముందే, 1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసంలో అమర్త్య సేన్ సమానత్వం అంటే దేనిలో సమానత్వమని నిలదీశాడు. ఒకే వస్తువు ఇద్దరి చేతిలో ఉన్నా దానిని జీవితంగా మార్చుకునే శక్తి ఇద్దరికీ ఒక్కటిగా ఉండదన్నది ఆయన వాదసారం. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్, ఒకే ఫోను, ఒకే వెబ్‌సైట్. ఒకరికి అది పరీక్ష దరఖాస్తు, మరొకరికి పేరు లేని బొత్తాల వరుస. ఇద్దరికీ సమానంగా ఇచ్చామని లెక్కలు చూపే ప్రభుత్వ నివేదిక అబద్ధం చెప్పదు, నిజమూ చెప్పదు.

చిత్రానికి వివరణ రాయడం సాంకేతికమైన పనిగా కనిపిస్తుంది గాని నిజానికి అది రచనాధర్మానికి సంబంధించినది. వివరణ ఎంత ఉండాలి? ఎవరి దృష్టితో ఉండాలి? భారతయుద్ధాన్ని చూపు లేని రాజుకు వినిపించిన సంజయుని కంటే పూర్వుడైన దృశ్యవ్యాఖ్యాత భారతీయ వాఙ్మయంలో లేడనవచ్చు. వ్యాసుడు దివ్యచక్షువులు ఇస్తానంటే ధృతరాష్ట్రుడు వద్దన్నాడు. బంధువుల చావు చూడలేను, వింటే చాలునన్నాడు. ఆ విధంగా భగవద్గీత మొత్తం ఒక అంధ శ్రోతకు చేసిన నివేదనగా లోకానికి దక్కింది. ఆ వృద్ధరాజుకు కలిగిన ప్రశ్న వల్లనే ఆ గ్రంథం ఆరంభమవుతుంది. సంజయుడు తటస్థుడు కాడు. రాజు తప్పులను ఎత్తిపొడిచిన సందర్భాలు ఎన్నో. కాని చూసినదానిని దాచలేదు, రాజుకు నొప్పి కలుగుతుందని కుదించలేదు. వినేవాడు రాజు, తీర్పు అతనిదే అన్న మర్యాద అందులో ఉంది. ఛాయాచిత్రం కింద "ఒక కార్యక్రమ దృశ్యం" అని రాసి ఊరుకునే నేటి వెబ్‌సైట్ నిర్వాహకుడు ఆ మర్యాదకు చాలా దూరంలో ఉన్నాడు. వేదిక మీద ఎవరున్నారు, ఎవరు నిలబడి ఉన్నారు, ఎవరు కూర్చున్నారు అన్న సంగతి చూసేవారికి ఒక్క క్షణంలో అందుతుంది. ఆ క్షణంలోనే రాజకీయం కూడా అందుతుంది.

ఇప్పుడు ఈ పనిని యంత్రాలే చేస్తున్నాయి. 2015లో డెన్మార్క్‌లో ఆరంభమైన బి మై ఐస్ అనే సేవలో మొదట చూపున్న స్వచ్ఛంద సేవకులు ఫోన్ ద్వారా దృశ్యాలను వివరించేవారు. 2023 నుంచి కృత్రిమ మేధ కూడా అందులో చేరింది. దీనివల్ల కలిగే మేలు గణనీయమైనది, కాదనడం అనవసరం. అయితే రచయిత తన చిత్రానికి తాను రాసిన వివరణకు బాధ్యత వహిస్తాడు. యంత్రం చేసిన ఊహకు ఎవరు బాధ్యులు? మందు సీసా మీది మోతాదును యంత్రం తప్పుగా చదివితే సరిచూసుకునే మార్గం అంధునికి ఏది? యంత్రం ఎలాగూ చెబుతుంది గదా అని రచయితలు, అధికారులు చేతులు దులుపుకుంటే, పాతకాలపు "ఎవరైనా చదివిపెడతారు" అన్న మాటే కొత్త వేషంలో తిరిగి వచ్చినట్లవుతుంది.

వినికిడి లేనివారి విషయంలో ఇంకొక అపోహ ఉంది. దృశ్యం కింద తెలుగులో మాటలు వేస్తే పని పూర్తయిందని చాలామంది భావన. పుట్టుకతో వినలేనివారిలో సంజ్ఞాభాషే తొలిభాషగా గలవారికి తెలుగు, తెలుగు గడ్డ మీద పుట్టినా, రెండవ భాష. సంజ్ఞాభాష చేతులతో చేసే తెలుగు కాదు, దానికి వేరే వ్యాకరణం ఉంది. భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో గాని ఏర్పడలేదు. 2018లో 3,000 పదాలతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు పెరిగింది. మాతృభాషోద్యమాల చరిత్ర గల తెలుగువారికి ఈ వాదం అర్థం కాకపోవడానికి కారణం లేదు.

సాహిత్యకారులు లేవనెత్తే అభ్యంతరం ఒకటి పరిశీలింపదగినది. అంతర్జాతీయ ప్రమాణాలలో పాఠం సుబోధకంగా ఉండాలన్న సూత్రం కూడా ఉంది. అందరికీ సులభంగా అర్థం కావాలన్నప్పుడు ప్రౌఢ కావ్యం మాటేమిటి? ఈ అభ్యంతరంలో రెండు వేర్వేరు కష్టాలు కలిసిపోయాయి. నారికేళపాకంలోని పెంకు కావ్యానికి చెందినది. దానిని పగలగొట్టే శ్రమలో చూపున్న పాఠకునికీ చూపు లేని పాఠకునికీ సమాన భాగం ఉంది. ఆ గ్రంథాన్ని పెట్టి తాళం వేసిన బీరువా మాత్రం కావ్యానికి చెందినది కాదు. అంధ పాఠకుడు కోరేది నారికేళాన్ని ద్రాక్షగా మార్చమని కాదు, బీరువా తాళం తీయమని. ప్రబంధంలోని దీర్ఘసమాసంతో తలపడి ఓడిపోయే అవకాశం కూడా అతని భాగంలోనిదే. బుద్ధిమాంద్యం గలవారి కోసం సరళ పాఠాలు అవసరమైన చోట్లు వేరే ఉన్నాయి. పింఛను నిబంధనలు, వైద్య సూచనలు, ఓటు వేసే విధానం వంటివి. అక్కడ మాత్రం నారికేళపాకానికి సమర్థన లేదు. ప్రభుత్వ గెజిట్లను కావ్యాలుగా ఎవరూ చదవరు.

ఖర్చు ఎవరు భరించాలన్నది మిగిలిన ప్రశ్న. చట్టం సైతం సముచిత సౌకర్యం కల్పించడంలో మితిమీరిన భారం మోపరాదని అంగీకరించింది. చేతి ఖర్చుతో నడిచే చిన్న పత్రిక, తన కవితలు తానే ప్రకటించుకునే యువకవి, ప్రతి దృశ్యానికీ సంజ్ఞాభాషా వ్యాఖ్యాతను పెట్టలేరు. పెట్టమనడం అన్యాయమే అవుతుంది. మీమాంసకులు కర్మలను నిత్యాలు, కామ్యాలు అని విభజించారు. కామ్యం ఫలాపేక్షతో చేసేది, మానినా దోషం లేదు. నిత్యం చేసినందుకు ప్రత్యేక పుణ్యం లేదు, మానితే ప్రత్యవాయం ఉంది. కవితను బొమ్మగా కాక అక్షరాలుగా ప్రకటించడం, యూనికోడ్‌లో కూర్చడం, బొత్తానికి పేరు పెట్టడం, వీటికి అదనపు వ్యయం దాదాపు లేదు. రంగురంగుల పూల బొమ్మ మీద నాలుగు పంక్తుల కవిత అచ్చువేసి ఫోన్‌లో పంపడం నేటి అలవాటు. స్క్రీన్ రీడర్‌కు అక్కడ "చిత్రం" అన్న మాట తప్ప ఏమీ చిక్కదు. ఆ నాలుగు పంక్తులనే బొమ్మ కింద మళ్లీ ఒకసారి టైపు చేయడానికి పట్టేది నిమిషం కంటే తక్కువ కాలం. ఇటువంటివి నిత్యాలు. సంజ్ఞాభాషా వ్యాఖ్యానం చిన్న పత్రికకు కామ్యం కావచ్చు, ప్రభుత్వ ప్రసార సంస్థకు నిత్యం. శక్తిని బట్టి విధి మారుతుందనడంలో శాస్త్రానికీ చట్టానికీ భేదం లేదు.

చేయకపోవడం అనే అభావం నుంచి దోషమనే భావం ఎలా పుడుతుందని అద్వైతులు మీమాంసకులను ఎదిరించారు. ఆ తర్కం ఎంత గట్టిదైనా ఇక్కడ చెల్లదు. లేని వివరణ, లేని శీర్షిక, పేరు లేని బొత్తం, ఇవన్నీ అభావాలే. వాటి వల్ల తప్పిపోయిన పరీక్ష, చేజారిన ఉద్యోగం అభావాలు కావు.

ఈ మధ్య పేర్ల మార్పుకు ఎంతో ప్రాధాన్యం వచ్చింది. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అని పిలుపులు మారుతున్నాయి. పేరులో గౌరవం ఉండడం మంచిదే. కాని దివ్యత్వాన్ని ఆరోపించడంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. దేవతలకు నైవేద్యం చూపిస్తారు, వారు తినరు. కొత్త పేరుతో వెలసిన సంక్షేమ పథకం దరఖాస్తు స్కాన్ చేసిన బొమ్మగా ఉన్నంతకాలం ఆ గౌరవం నైవేద్యం వంటిదే.

పుస్తకాల విషయంలో కొంత పని జరిగింది. 2012 నాటి కాపీరైట్ సవరణ చట్టం వైకల్యం గలవారికి అనువైన ప్రతులను తయారుచేయడానికి అనుమతి అక్కరలేదని చెప్పింది. 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కంటే ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయం అనే అంతర్జాల గ్రంథాలయం ఆరంభమైంది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పాత గ్రంథాల పుటలను ఒక్కొక్కటిగా అక్షర రూపంలోకి మార్చి, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూస్తున్నారు. ఆ పని అంధుల కోసమని ఆరంభమైనది కాదు. పాత సాహిత్యం అందరికీ దొరకాలని ఆరంభమైనది. అందరిలో వారూ ఉన్నారు గనుక వారికీ దొరుకుతున్నది. ఎవరి మీదా జాలి చూపకుండానే ఒక పంపకం జరిగిపోతున్నది. భారత డిజిటల్ గ్రంథాలయ పథకం కింద స్కాన్ చేసిన తెలుగు గ్రంథాలలో మాత్రం వేలాది నేటికీ బొమ్మలుగానే ఉన్నాయి. తెలుగు ఒత్తులను, గుణింతాలను పోల్చుకొని బొమ్మను పాఠంగా మార్చే సాధనాలు గత దశాబ్దంలో చాలా మెరుగుపడ్డాయి. వాటి ఫలితాన్ని సరిచూడగల తెలుగు చదువరులు, విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఈ పనికి బడ్జెట్టులో ఒక పద్దు గాని, ఒక శాఖ గాని ఇంకా కేటాయించవలసి ఉంది.